ఇన్నయ్య దిగివచ్చిన కొండ



మన విచారణల్లో ఇన్నయ్యలకు కొదవ లేదు. ఇన్నాసి, ఇన్నయ్య, ఇన్నారెడ్డి, ఇన్నమ్మ అని ఊరికి నలుగురైనా ఉంటారు. జ్ఞానస్నాన పుస్తకంలో ఆ పేరు రాసేటప్పుడల్లా అది పునీత ఇగ్నేషియస్ లొయోలా వారి పేరని తల్లిదండ్రులకు చెబుతుంటాను. వారు తల ఊపుతారు. జూలై 31న ఆయన పండుగని కొందరికి తెలుసు, యేసుసభను స్థాపించింది ఆయనేనని ఇంకొందరికి తెలుసు. పిల్లల్ని విజయవాడ లొయోలా కళాశాలలో చదివించిన వారికి ఆ పేరు మరీ దగ్గర. కానీ ఆయన ఏ దారిన నడిచి పునీతుడయ్యారో మనం పెద్దగా మాట్లాడుకోం. అందుకని ఈ వారం మిమ్మల్ని ఆయన ఎక్కిన కొండకు, ఆ తర్వాత ఆయన దిగి వెళ్ళిన గుహకు తీసుకువెళతాను.

ఈమధ్య మనవారు కూడా రోము, లూర్దు, ఫాతిమా యాత్రలకు వెళుతున్నారు. దారిలో స్పెయిను దేశపు బార్సెలోనా నగరంలో ఒకరోజు ఆగితే, గైడు మిమ్మల్ని పొద్దున్నే బస్సెక్కించి మొంట్సెరాట్ కొండకు తీసుకుపోతాడు. సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణం. మొంట్సెరాట్ అంటే రంపంతో కోసిన కొండ అని అర్థం. దూరం నుంచి చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. శిఖరాలన్నీ వేళ్ళు పైకెత్తినట్టు నిలబడి ఉంటాయి. అన్నిటికంటే పెద్దది 1,236 మీటర్ల ఎత్తు. మధ్యలో, సుమారు 720 మీటర్ల ఎత్తున, బండను ఆనుకుని బెనెడిక్టు సభవారి మఠం ఉంది. 1025లో ఒలీబా అనే మఠాధిపతి దాన్ని స్థాపించారు. 1811లో నెపోలియన్ సైన్యాలు దాన్ని ధ్వంసం చేస్తే మళ్ళీ కట్టుకున్నారు.

దేవాలయంలో పీఠం పైభాగాన దేవమాత స్వరూపం ఉంటుంది. ముఖం నల్లనిది. అక్కడి జనం ముద్దుగా నల్లమ్మ అన్నట్టే పిలుచుకుంటారు. 12వ శతాబ్దపు చెక్క స్వరూపమది. 1881లో పదమూడవ లియో పోపుగారు ఈ తల్లిని కాతలోనియా ప్రాంతానికి పాలకురాలిగా ప్రకటించారు. అమ్మ కుడిచేతిలోని గోళాన్ని తాకడానికి పెద్ద వరుస ఉంటుంది. నేను వెళ్ళిన రోజు గైడు ఇచ్చిన సమయంలో సగం ఆ వరుసలోనే గడిచింది. నాకు బాధ కలగలేదు. గుణదల తిరునాళ్ళలో నిలబడిన కాళ్ళే కదా.

మఠం నుంచి కొండ పక్కగా ఒక కాలిబాట పవిత్ర గుహకు వెళుతుంది. దారి పొడవునా జపమాల రహస్యాలను రాతిలో చెక్కి నిలబెట్టారు. 880లో ఒక శనివారం సాయంత్రం పశువులు కాచుకునే పిల్లలు ఈ గుహ దగ్గర వెలుగు చూశారనీ, వెతికితే లోపల దేవమాత స్వరూపం కనిపించిందనీ, మేత్రాణులు దాన్ని కిందికి తీసుకుపోదామంటే కదలనంత బరువైపోయిందనీ అక్కడి సంప్రదాయం. 880 సంవత్సరానికీ, 12వ శతాబ్దపు చెక్కడానికీ లెక్క కుదరదు. కుదర్చాలని నేను ప్రయత్నించను. మీరు వెళితే మాత్రం ఆ బాట తెరిచి ఉందో లేదో ముందే అడగండి. కొండచరియలు విరిగిపడినప్పుడు మూసివేస్తారు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. గురువునైన కొత్తల్లో ఒక జూలై పండుగనాడు, పునీత ఇగ్నేషియస్ వారు మొంట్సెరాట్ గుహలో తపస్సు చేసి ఆధ్యాత్మిక సాధనలు రాశారని ప్రసంగంలో చెప్పాను. అది తప్పు. మొంట్సెరాట్ గుహ దేవమాతది. ఇగ్నేషియస్ వారి గుహ కొండ మీద లేదు. కింద, 20, 25 కిలోమీటర్ల దూరాన, మాన్రేసా అనే ఊళ్ళో, కార్దొనేర్ నది ఒడ్డున ఉంది. ఒక్కరోజు యాత్రలో చాలా బస్సులు అక్కడికి పోవు. కొండ చూపించి వెనక్కు తిప్పేస్తారు. ఆయన జీవితాన్ని మనం చెప్పుకునే తీరు కూడా అలాగే ఉంటుంది. కొండ మీద కత్తి వదిలేశారు, పునీతుడైపోయారు అంటాం. మధ్యలో మాన్రేసా ఉంది.

మొదటినుంచీ చెబుతాను. 1491లో స్పెయిను ఉత్తరాన బాస్కు ప్రాంతంలో లొయోలా కోటలో పదముగ్గురు బిడ్డల్లో చివరివాడుగా ఆయన పుట్టారు. ఇంట్లో పేరు ఇనీగో. తల్లి త్వరలోనే చనిపోతే, ఒక కమ్మరివాని భార్య పాలిచ్చి పెంచింది. పెరిగి పెద్దవాడై రాజు కోశాధికారి ఇంట కొలువు చేశారు. నేర్చుకున్నది ఆయుధాలు, మర్యాదలు, అమ్మాయిల మెప్పు, పరువు కోసం తగువులు. పరువు అన్న మాట గుర్తుంచుకోండి.

1521 మే 20న పాంప్లోనా కోట ఫ్రెంచి సైన్యం ముందు నిలవలేని స్థితిలో ఉంది. లొంగిపోదామన్నవారిని ఒప్పించి యుద్ధం కొనసాగించింది ఇనీగోయే. ఫిరంగి గుండు తగిలి ఒక కాలు నుజ్జయింది, రెండోదానికి గాయమైంది. శత్రువులే మర్యాదగా వైద్యం చేయించి డోలీలో ఇంటికి పంపారు. ఎముక వంకరగా అతుక్కుందని ఇంటిదగ్గర మళ్ళీ విరిచి కట్టారు. మత్తుమందులు లేని కాలం. ఆయన పిడికిలి బిగించారు, అంతే. చావు అంచుదాకా వెళ్ళి, పునీత పేతురు పౌలుల పండుగ ముందు రాత్రి తేరుకున్నారు. తరువాత చూస్తే మోకాలి కింద ఎముక బొడిపెలా పైకి వచ్చి ఉంది. పొడవాటి బూటు వేసుకుంటే బాగా కనబడదు. ఆ ఒక్క కారణానికి దాన్ని రంపంతో కోయించుకున్నారు. ఎంత చేసినా ఒక కాలు పొట్టిదై, జీవితాంతం కుంటుతూనే నడిచారు.

మంచంలో పొద్దుపోక వీరగాథల పుస్తకాలు అడిగితే ఆ ఇంట్లో అవి లేవు. క్రీస్తునాథుని జీవితం, పునీతుల చరిత్రలు ఉంటే అవే ఇచ్చారు. ఒక గొప్పింటి స్త్రీని మెప్పించే పనుల గురించి గంటలకొద్దీ కలలు కనేవారు. ఫ్రాన్సిసులా, దోమినిక్‌లా జీవిస్తే ఎలా ఉంటుందనీ ఊహించుకునేవారు. మొదటి ఊహ అయిపోయాక మనసు ఎండిపోయేది. రెండో ఊహ అయిపోయాక కూడా సంతోషం మిగిలేది. ఈ తేడాను పసిగట్టడమే ఆయన నేర్చుకున్న మొదటి పాఠం.

కానీ పునీతుల్ని కూడా ఆయన పందెం కాసే గుర్రాల్లాగే చూశారు. వారు చేసింది నేనూ చేస్తాను, ఇంకాస్త ఎక్కువే చేస్తాను అన్న పట్టుదల. 1522 తొలి నెలల్లో కంచరగాడిదపై మొంట్సెరాట్‌కు బయలుదేరారు. దారిలో ఒక ముస్లిం బాటసారి తోడయ్యాడు. మరియమాత కన్యత్వం గురించి వారిద్దరికీ వాదన జరిగింది. అతను ముందుకు వెళ్ళిపోయాక ఇనీగోకు కోపం వచ్చింది. అమ్మ పరువు కాపాడలేదే, వెంటబడి కత్తితో పొడవనా అని సందేహపడ్డారు. ఏదీ తేల్చుకోలేక కళ్ళెం వదిలేశారు. దారి చీలినచోట గాడిద అతని ఊరివైపు తిరిగితే పొడవాలి, రహదారి పడితే వదిలేయాలి. గాడిద రహదారి పట్టింది. ఒక మనిషి ప్రాణం, కాబోయే పునీతుని జీవితం ఆ పూట ఒక పశువు తెలివి మీద నిలబడ్డాయి.

మొంట్సెరాట్‌లో జీన్ షానోన్ అనే మఠవాసి వద్ద జీవితకాలపు పాపాలన్నీ కాగితంపై రాసుకుని పాపసంకీర్తనం చేశారు. మూడు రోజులు పట్టింది. మార్చి 24 రాత్రి, అంటే మంగళవార్త పండుగ ముందు రాత్రి, తన ఖరీదైన బట్టలు ఒక బిచ్చగానికిచ్చి గోనెగుడ్డ కట్టుకున్నారు. కత్తి, బాకు దేవమాత పీఠం వద్ద వేలాడదీయించి, రాత్రంతా కాసేపు నిలబడి, కాసేపు మోకరించి జాగరణ చేశారు. కొత్త వీరుడు ఆయుధాలు ధరించేముందు చేసే జాగరణ అది. ఆయన ఆయుధాలు వదలడానికి చేశారు. గాడిదను మఠానికి ఇచ్చేశారు.

తెల్లవారేసరికి దిగిపోయారు. బార్సెలోనా రహదారిలో తెలిసినవారు గుర్తుపడతారని పక్కదారి పట్టి మాన్రేసా వైపు నడిచారు. మూడు మైళ్ళు పోయారో లేదో ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆ బట్టలు నిజంగా మీరే ఇచ్చారా అని అడిగాడు. దొంగిలించాడని బిచ్చగాణ్ణి పట్టుకున్నారట. ఇనీగో కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. తన దానం ఆ పేదవాణ్ణి ఏమి చేస్తుందో ఆయన ఆలోచించలేదు. నాకు ఆ జాగరణ కంటే ఈ కన్నీళ్ళే పెద్దవిగా కనిపిస్తాయి.

మాన్రేసాలో కొన్ని రోజులే ఉందామనుకున్నారు. సుమారు పదకొండు నెలలు ఉన్నారు. పేదల ఆసుపత్రిలో బస, వీధుల్లో భిక్ష. మాంసం లేదు, ద్రాక్షారసం ఆదివారం తప్ప లేదు. ఒకప్పుడు జుట్టు మీద ఎంతో శ్రద్ధ పెట్టిన మనిషి దువ్వడం, గోళ్ళు కత్తిరించడం మానేశారు. రోజుకు ఏడు గంటలు మోకాళ్ళ మీద ప్రార్థన. నది పైగా ఉన్న రాతి గుహలో ఒంటరిగా గడిపేవారు. ఆ వైపు నుంచి చూస్తే దూరాన మొంట్సెరాట్ శిఖరాలు కనిపిస్తాయి.

అప్పుడు చీకటి కమ్మింది. మొంట్సెరాట్‌లో చేసిన పాపసంకీర్తనం సంపూర్ణమేనా, ఏదైనా వదిలేశానా అన్న అనుమానం పట్టుకుంది. మళ్ళీ చెప్పుకున్నారు. మళ్ళీ అనుమానం. ఇంకా చిన్న సంగతులు తవ్వి చెప్పుకున్నారు. నెలలు గడిచాయి. ఒక కుక్కపిల్ల దారి చూపినా దాని వెంట నడుస్తానని దేవునికి మొరపెట్టుకున్నారు. అప్పుడు ఆయన దోమినిక్ సభ మఠంలో ఒక గదిలో ఉండేవారు. ఆ గదిలో పెద్ద గొయ్యిలాంటి సందు ఉండేది. అందులో దూకి చనిపోవాలన్న తలంపు పదేపదే వచ్చేది. అలా చేయను ప్రభూ అని కేకలు వేసేవారు.

చివరికి శాంతి దొరికేవరకు ముద్ద ముట్టనని ఆదివారం నుంచి ఆదివారం వరకు పస్తున్నారు. మొండితనం చూడండి, దేవునితో కూడా పందెమే. ఆ సంగతి పాపసంకీర్తన గురువుకు చెబితే, ఆయన వెంటనే ఉపవాసం మానమని ఆజ్ఞాపించారు. ఇనీగో వెళ్ళి తిన్నారు. రెండు రోజులు నెమ్మది, మూడోరోజు మళ్ళీ అనుమానాలు. కానీ ఈసారి ఈ తలంపులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎటు తీసుకుపోతున్నాయో గమనించారు. దేవుడు క్షమించిన పాత పాపాలను ఇక తిరిగి చెప్పుకోకూడదని తీర్మానించుకున్నారు. అక్కడితో ఆ పట్టు వీడింది. ఆ తరువాత మాంసం తిన్నారు, జుట్టు, గోళ్ళు కత్తిరించుకున్నారు.

నా పాపసంకీర్తన పీఠం వద్దకు ఇరవై ఏళ్ళ కిందటి పాపాన్ని ప్రతి తపస్కాలంలో మోసుకొచ్చే తల్లులున్నారు. వారికి ఈ కథే చెబుతాను. మీ ఇంట్లో ఎవరైనా తిండి మానేసి, బతకడం అనవసరమని మాట్లాడుతుంటే, అది భక్తి అనో, నటన అనో వదిలేయకండి. గురువు దగ్గరకు తీసుకురండి, అదే రోజు వైద్యుని దగ్గరకు కూడా తీసుకువెళ్ళండి.

ఒకరోజు కార్దొనేర్ ఒడ్డున నదివైపు ముఖం పెట్టి కూర్చుని ఉండగా ఆయన మనసు తెరుచుకుంది. దర్శనం కాదు, గ్రహింపు. విశ్వాస సత్యాలు, చదువు సంగతులు అన్నీ కొత్తగా కనిపించాయి. ఆ రోజుల్లో బడిపంతులు పిల్లవాణ్ణి దిద్దినట్టు దేవుడు తనను దిద్దాడని ముసలితనంలో చెప్పుకున్నారు. తన అనుభవాల్లో ఇతరులకు పనికొచ్చేవి రాసిపెట్టుకున్నారు. మనం వడకాల్లో చేసే ఆధ్యాత్మిక సాధనలకు అదే మొదలు. 1548లో మూడవ పౌలు పోపుగారు ఆ పుస్తకాన్ని ఆమోదించారు.

మిగిలింది త్వరగా చెబుతాను. 1523లో యెరూషలేము వెళ్ళారు. అక్కడే ఉండిపోవాలన్నది కోరిక, ఫ్రాన్సిస్కను గురువులు వెనక్కు పంపారు. ముప్పై దాటాక బార్సెలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లతీను నేర్చుకున్నారు. ప్రజలకు బోధిస్తున్నాడని అనుమానించి అల్కలాలో 42 రోజులు, సలమాంకాలో 22 రోజులు చెరలో ఉంచారు. పారిసులో చదువుతూ 1534 ఆగస్టు 15న ఆరుగురు మిత్రులతో కలిసి మాటపట్టు చేసుకున్నారు. వారిలో ఫ్రాన్సిస్ శౌరివారు ఒకరు. మన శౌరయ్యలు, శౌరమ్మల పేరు ఆయనదే. 1537లో గురుపట్టం. 1540 సెప్టెంబరు 27న యేసుసభకు ఆమోదం. 18వ శతాబ్దంలో మన తెలుగు నేలకు వచ్చి, తెలుగు నేర్చి బోధించిన ఫ్రెంచి గురువులు ఆ సభవారే.

సభాధిపతిగా రోములో ఉంటూ ఆయన వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. అతిగా ఉపవాసాలు చేసేవారిని మందలించడం వాటిలో కనిపిస్తుంది. శరీరాన్ని పాడుచేసుకోవద్దని ఫ్రాన్సిస్ బోర్జియాకు 1548లో రాశారు. మాన్రేసా తరువాత ఆయన కడుపు నొప్పి పోలేదు. చనిపోయాక శరీరాన్ని పరీక్షిస్తే లోపల రాళ్ళు దొరికాయి.

1556 జూలై 30 సాయంత్రం తన కార్యదర్శి పొలాంకో గురువును పిలిచి, తాను చివరి దశలో ఉన్నాననీ, పోపుగారి దగ్గరకు వెళ్ళి ఆశీర్వాదం అడగమనీ కోరారు. వైద్యులు ప్రమాదమేమీ లేదంటున్నారు. పొలాంకోకు ఆ రాత్రి పంపవలసిన ఉత్తరాలు చాలా ఉన్నాయి. రేపు వెళ్ళవచ్చా అని అడిగారు. ఈరోజే అయితే బాగుండునని చెప్పి, నిర్ణయం మాత్రం ఆయనకే వదిలేశారు ఇగ్నేషియస్. పొలాంకో ఉత్తరాలు రాసుకున్నారు. తెల్లవారేసరికి సభాధిపతి కొన ఊపిరితో కనిపించారు. పొలాంకో పోపుగారి దగ్గరకు పరుగెత్తారు. ఆయన తిరిగివచ్చేలోపే, అవస్థ అభ్యంగనం కూడా లేకుండా, ఇగ్నేషియస్ కన్నుమూశారు.