కొండ దిగే రైలు కరెంటిచ్చింది!

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ఎక్స్‌ప్రెస్ తెనాలి స్టేషన్‌లోకి వస్తోందనుకోండి. డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ వేగం తగ్గిస్తోంది. ఆ వేగంలోని శక్తి అంతా వేడిగా పోదు. కొంత కరెంటుగా మారి పైన ఉన్న తీగలోకి తిరిగి వెళ్తుంది. అదే రీజనరేటివ్ బ్రేకింగ్. రైల్వే పరీక్షలకు చదివేవాళ్లకు ఈ మాట తెలుసు. మరి కాల్మాన్ కాండో పేరు విన్నారా? హంగరీలో ఆయన పేరుతో ఇంజినీరింగ్ విద్యాసంస్థే ఉంది.

కాండో 1869లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1892లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఫ్రాన్స్‌లో ఇండక్షన్ మోటార్ల మీద పనిచేశారు. 1894లో తిరిగొచ్చి గాంజ్ కంపెనీలో చేరారు. అప్పట్లో ట్రాములు డీసీ మీదే నడిచేవి. కాండో మాత్రం రైలుకు త్రీఫేజ్ ఇండక్షన్ మోటారే సరైనదని నమ్మారు. 1902లో ఇటలీలోని వాల్‌తెల్లీనా మార్గంలో 106 కిలోమీటర్ల మేర, 3,000 వోల్టులతో రైళ్లు నడిపించి చూపించారు.

ఇక్కడ మీ సిలబస్‌లోని స్లిప్‌ను గుర్తు చేసుకోండి. మోటారు సింక్రనస్ స్పీడ్ దాటితే స్లిప్ మైనస్ అవుతుంది, మోటారే జనరేటర్‌గా మారుతుంది. జెనోవా దగ్గర జోవి కనుమలో కాండో ఇంజిన్లు చేసింది ఇదే. దిగే రైలు ఇచ్చిన కరెంటు ఎక్కే రైలుకు అందేది.

చిక్కేమిటంటే, త్రీఫేజ్‌కి పైన రెండు తీగలు కావాలి. అందుకే మామూలు గ్రిడ్ నుంచి 50 సైకిళ్ల సింగిల్‌ఫేజ్ కరెంటును ఒక్క తీగతో తీసుకుని, ఇంజిన్‌లోనే ఎక్కువ ఫేజులుగా మార్చాలనుకున్నారు. 1923లో ప్రయోగాత్మక ఇంజిన్ తయారైంది. కానీ బుడాపెస్ట్ నుంచి వియన్నా వైపు వెళ్లే మార్గంలో ఆ పద్ధతితో రైళ్లు మొదలైంది 1932లో. అది చూడకుండానే 1931 జనవరిలో కాండో కన్నుమూశారు.

ఇప్పుడు మన లైన్‌కి రండి. తీగలో 25,000 వోల్టుల సింగిల్‌ఫేజ్, ఇంజిన్‌లో త్రీఫేజ్ మోటార్లు. ఆలోచన కాండోదే, మార్చే పని మాత్రం ఎలక్ట్రానిక్స్‌ది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కొండల్లేవు కదా, కరెంటెలా వస్తుందంటారా? ఇప్పుడు ఫ్రీక్వెన్సీని తగ్గించవచ్చు. రైలు నెమ్మదించే కొద్దీ సింక్రనస్ స్పీడ్‌ను ఇంకాస్త కిందికి దించితే, చదును నేల మీదా స్లిప్ మైనస్‌లోనే ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే నిర్వచనం అప్పజెప్పి ఆగకండి. స్లిప్ దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ దాకా రండి. అర్థం చేసుకున్నవాళ్లెవరో ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.