కొయ్యపిండికి గౌరవం తెచ్చిన బేక్‌లండ్

పిఠాపురం పాత మేడల గోడలపై గుండ్రని నల్లని విద్యుత్తు మీటలను చూడనివారు అరుదు. జనవ్యవహారంలో వాటి పేరు బేకలైటు స్విచ్చి. రాయివలె గట్టిదైన అట్టి వస్తువులో సగం వరకు కొయ్యపిండి ఉండవచ్చునని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. ఆ పదార్థాన్ని లోకానికి అందించిన రసాయనవేత్త లియో హెండ్రిక్ బేక్‌లండ్.

1863 నవంబరు 14న బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఆయన జన్మించారు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి పరుల ఇళ్లలో పనిచేసేది. బేక్‌లండ్ ఇరవై ఒకటవ యేటనే డాక్టరేటు పొందారు. 1889లో గురుపుత్రిక సెలీన్‌ను వివాహమాడి అమెరికా చేరారు. సూర్యరశ్మితో పనిలేక దీపపు వెలుగులోనే ఛాయాచిత్రాలను అచ్చువేయగల వెలాక్స్ కాగితాన్ని రూపొందించి, 1899లో దానిని ఈస్ట్‌మన్‌కు విక్రయించి ధనవంతులైనారు.

అంతటితో విశ్రమించక యాంకర్స్‌లోని స్వగృహం చెంత ప్రయోగశాల నెలకొల్పారు. ఆనాడు విద్యుత్తు పరికరాలకు లక్క పూతే ఆధారం. భారతదేశపు అడవులలో పురుగులు కూర్చే ఆ సరుకు పెరిగిన గిరాకీకి చాలేది కాదు. దానికి బదులు వెదకుతూ ఆయన ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల కలయికను చేపట్టారు. 1872లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బేయర్ ఆ కలయికలో పుట్టే మడ్డిని గమనించారు. పాత్రకంటుకొని దేనికీ కరగని ఆ మడ్డి పూర్వులకు ఒక పీడ. బేక్‌లండ్‌కు ఆ మొండితనమే సుగుణంగా తోచింది. మొదట ఆ ద్రవాన్ని మెత్తని కొయ్యలోనికి ఎక్కించి గట్టిపరచబూనారు. 1907లో వేడిమిని, ఒత్తిడిని ఏకకాలమందు ప్రయోగించి దానిని అచ్చులకు లొంగదీశారు.

అయితే ఒంటరి జిగురు పెళుసు, అచ్చులో కుంచించుకొనిపోతుంది. కొయ్యపిండి చేరితే దాని నార దెబ్బను పంచుకొంటుంది. సంకోచమూ వెలా తగ్గుతాయి. కొండపల్లి శిల్పులు రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి బొమ్మల అవయవాలను అతకడంలోనూ ఇట్టి యుక్తియే ఉన్నది. కాని కొయ్య తేమను పీల్చుతుంది, మిక్కిలి వేడికి మాడుతుంది. అందుచేత తీవ్రమైన వేడికి గురయ్యే వస్తువులలో అభ్రకం, రాతినార వంటివి కలిపేవారు.

1909లో ఈ ఆవిష్కరణ లోకానికి వెల్లడైనది. 1910లో కంపెనీ వెలసింది. టెలిఫోనులు, రేడియో పెట్టెలు ఆ నల్లని రూపం ధరించాయి. 1939లో కంపెనీని యూనియన్ కార్బైడ్‌కు అప్పగించిన బేక్‌లండ్ 1944 ఫిబ్రవరి 23న కన్నుమూశారు.

ఒకసారి గట్టిపడిన బేకలైటు మరల కరగదు. విరిగిన మీటను తిరిగి అచ్చుపోయ వీలులేదు. ఆయన వరించిన సుగుణమే నేడు చెత్తకుప్పల వద్ద చిక్కు ప్రశ్న అయినది. కరిగించి మరల వాడదగిన ప్లాస్టిక్కులలో కొయ్యపొట్టును కలుపుతున్న నేటి పనివారు ఆ ప్రశ్నకే సమాధానం వెదకుతున్నారు.