చిన్నాయన కేటగిరీ

మా చిన్నాయన పోయి పదకొండు రోజులైంది. ఊళ్లో అందరికీ ఆయన ‘మిలిటరీ ఆయన’. నిండా ఐదేళ్లు కూడా చేయని ఉద్యోగం, యాభై ఏళ్లకు పైగా ఆయన పేరై నిలిచింది.

బెంగళూరు అలసూరు చెరువు పక్కనుండే మద్రాస్ శాపర్స్‌లో చేరాడు. ఆ దళంలోని జవాన్లకు ‘తంబీలు’ అని ముద్దుపేరు. 1971 డిసెంబరులో బసంతర్ వాగు దగ్గర పాకిస్తాన్ పాతిన మందుపాతరలు ఏరి, మన ట్యాంకులకు దారి చేసినవాళ్లలో ఈ తంబీలున్నారు. ఆయన ఎడమకాలు మోకాటి కింద నుంచి అక్కడే పోయింది.

తర్వాత పుణె. రెండో ప్రపంచయుద్ధం గాయాల కోసం 1944లో పెట్టిన కృత్రిమ అవయవాల కేంద్రంలో కొత్త కాలిచ్చారు. మెడికల్ బోర్డు కూర్చుంది. అప్పట్లో జవాన్లకు ఇంగ్లీషు అక్షరాలతో కేటగిరీలు. ఒంట్లో ఏ లోపమూ లేనివాడు ‘ఏ’. చిన్నాయనకు వచ్చింది ‘ఈఈఈ’.

“ఈ అంటే ఇంటికే రా అబ్బోడా. మరిచిపోతానేమో అని మూడుసార్లు రాసినారు” అని నవ్వేవాడు.

1972లో రైలు వారెంటు పట్టుకుని పాకాల జంక్షన్‌లో మీటర్‌గేజి బండి దిగాడు. ఎవరూ ఎదురు పోలేదు. సెలవు మీద వచ్చే జవాను చుట్టూ రమ్ము సీసా కోసం చేరడం మా ఊరికి తెలుసు. ప్రాణం పోయి వచ్చినవాడికి దండ వెయ్యడమూ తెలుసు. కాలు పోగొట్టుకుని వచ్చినవాణ్ణి ఏమని పలకరించాలో తెలీలేదు. “దేవుడి దయ, ప్రాణం దక్కింది” అన్నారు. కొలువు పోయిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆయన దిగులల్లా దాని మీదే.

అదే యుద్ధంలో కాలు నుజ్జయితే ఖుక్రీతో తానే నరుక్కున్న గూర్ఖా ఆఫీసరు ఇయాన్ కార్డోజో, చెక్కకాలితోనే బెటాలియన్‌ను నడిపి మేజర్ జనరల్ అయ్యారు. ఆ కథ మాకు వందసార్లు చెప్పుంటాడు. చెప్పడం అయ్యాక కాసేపు మాట్లాడేవాడు కాదు.

పుణె కాలికి బూటు ఉండాల్సిందే. బూటుతో గుడికి పోలేడు కాబట్టి, కళ్లెదుటే తిరుమల కొండ ఉన్నా చాలా ఏళ్లు ఎక్కలేదు. ఈ ఇబ్బంది చూసే డాక్టర్ పి.కె. సేఠీ, పనివాడు రామచంద్ర శర్మ జైపూరులో రబ్బరు పాదం చేశారు. వట్టి కాళ్లతో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. అది తెచ్చుకున్న ఏడాదే చిన్నాయన అలిపిరిలో టెంకాయ కొట్టాడు. సంచి మోసేది నేను.

3,550 మెట్లు. ఏడో మైలు దాటేసరికి ఆయన తొడ వణుకుతోంది. మోకాళ్ల మెట్టు వచ్చింది. పాదం మోపితే అపచారమని రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కిన చోటంటారు. జనం పంచెలు ఎగ్గట్టి మోకాళ్ల మీదికి దిగుతున్నారు. చిన్నాయన మెట్టు మీద కూర్చుని, తోలు పట్టీలు విప్పి, కాలు తీసి నా చేతిలో పెట్టాడు. పసిబిడ్డంత బరువుంది. లోపలి గుడ్డంతా చెమట. అందరితోపాటు మోకాళ్ల మీద పాకుతూ వెనక్కి తిరిగి అన్నాడు:

“చూడరా, ఈడ అందురూ నా కేటగిరీనే!”

2021 డిసెంబరులో కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లాన్స్‌నాయక్ సాయితేజను కురబలకోట మండలం ఎగువరేగడకు తెచ్చిన రోజు, టీవీ ముందు ఈయన మంచంకోడు పట్టుకుని లేచాడు. తుపాకులు పేల్చి వందనం ముగిసేదాకా కూర్చోలేదు. ఆ పూట కాలు తగిలించుకోలేదు. ఒంటికాలి మీదే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

మొన్న గుంతలోకి దించేటప్పుడు ఊరి పెద్దలు రబ్బరు కాలు తీసేయమన్నారు. ఒంటితో పుట్టింది కాదు కదా, మట్టిలో ఎందుకన్నారు. మా చిన్నమ్మ ఒప్పుకోలేదు. తనే కూర్చుని పట్టీలు ఒక్కొక్కటే బిగించింది.

పాకాలలో దిగినప్పుడు ఎదురుపోని ఊరు, ఈసారి కాటిదాకా వెంట నడిచింది.