విసనకర్ర బద్ద వెలిగించిన బల్బు

బల్బును కనిపెట్టింది ఎవరంటే పిల్లలు ఠక్కున థామస్ ఆల్వా ఎడిసన్ అంటారు. అక్కడితో ఆపేస్తే ఆయన చేసిన అసలు పని వాళ్లకు తెలియదు. బల్బులు అంతకుముందే వెలిగాయి. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ అదే కాలంలో తన బల్బును నలుగురికీ చూపించాడు. ఎడిసన్ చూసింది ఇంటికి పనికొచ్చే బల్బు కోసం.

ఆయన 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మిలాన్‌లో పుట్టాడు. బడికి వెళ్లింది కొన్ని నెలలే. ఒకప్పుడు టీచరుగా చేసిన తల్లి నాన్సీ ఇంట్లోనే చదివించింది. చెవులు సరిగా వినబడేవి కావు. రైల్లో పత్రికలు అమ్మి, ఆపైన టెలిగ్రాఫ్ ఆపరేటరయ్యాడు.

1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. అక్కడ ఆయన ఒంటరి కాదు. లెక్కలు కట్టడానికి ఫ్రాన్సిస్ అప్టన్, చేతిపనికి చార్లెస్ బ్యాచిలర్ ఉన్నారు. ఈ పేర్లు కూడా పిల్లలకు చెప్పాలి. ఊరంతా తీగలు లాగాలంటే రాగి ఖర్చు తడిసి మోపెడవుతుంది. బల్బులోని తీగకు నిరోధం ఎక్కువుంటే తక్కువ కరెంటు చాలు, రాగి తీగలూ సన్నగా సరిపోతాయి. ఈ లెక్కే వాళ్లకు దారి చూపింది. 1879 అక్టోబరులో, మాడ్చి బొగ్గుగా మార్చిన నూలుదారం గాలి తీసేసిన గాజుబుడ్డిలో 13 గంటలకు పైగా వెలిగింది. ఇంటికి అది ఏ మూలకు? చేతికి దొరికిన నారలన్నీ మాడ్చి చూశారు. చివరికి బల్లమీద పడివున్న ఆకు విసనకర్ర అంచుకు చుట్టిన వెదురుబద్ద మెరుగ్గా పనిచేసింది. మంచి వెదురు కోసం 1880లో చైనా, జపాన్‌లకు మనిషిని పంపారు. జపాన్ వెదురుతో బల్బు వెయ్యి గంటలు దాటింది.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి కరెంటు ఇవ్వడం మొదలైంది. అది డీసీ కరెంటు, ఎక్కువ దూరం పోదు. అయినా ఎడిసన్ ఏసీని మొండిగా ఎదిరించాడు. ఏసీ ప్రమాదకరమని చాటడానికి జంతువులను చంపి చూపినవారికి తన ప్రయోగశాలలో చోటిచ్చాడు. చివరికి ఏసీయే గెలిచింది. 1931 అక్టోబరు 18న ఆయన కన్నుమూశాడు.

ఆయన పేరు ఇప్పటికీ బల్బు డబ్బాల మీద ఉంది. మరతిప్పి బిగించే బల్బుకు ఇంగ్లిష్ ‘ఇ’ పక్కన 27 అని ఉంటుంది. ఇ అంటే ఎడిసన్, 27 అంటే మర వెడల్పు మిల్లీమీటర్లలో. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండు పిన్నుల బి22 హోల్డరు, కాబట్టి చూసి కొనాలి. పాతరకం బల్బులో కరెంటు చాలావరకు వేడిగానే పోయేది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చిన సుమారు 800 ల్యూమెన్ల వెలుగును ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. డబ్బా మీద ల్యూమెన్లు వెతికే పని పిల్లలకే అప్పగించండి.