మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్



ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం అని ప్రార్థనలో సైన్సు మేడమ్ గారు చెబితే, దోమలకి కూడా ఒక రోజా అని మనందరం నవ్వాం కదా. అది ఎందుకొచ్చిందో లైబ్రరీలో చదివి, మేడమ్ గారిని అడిగి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు బుట్టాయగూడెం అవతల కొండల్లో ఉంది. అక్కడ చలిజ్వరం రాని ఇల్లు లేదు. నాలుగో తరగతిలో నాకూ వచ్చింది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. నర్సమ్మ గారు 14 రోజులు మింగమని మాత్రలిచ్చారు. జ్వరం తగ్గిపోయింది కదా అని అయిదో రోజుకే మానేశాం. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, తగ్గాక కూడా ఎందుకు మింగాలో తెలీదు. రెండు నెలలకి మళ్లీ వచ్చింది. ఒక రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని ఉంటుందని దెందులూరు వచ్చి చదువుకున్నాకే నాకు తెలిసింది.

పూర్వం పెద్ద పెద్ద డాక్టర్లకి కూడా ఈ జ్వరం ఎలా వస్తుందో తెలీదు. చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అనే మాటకి అర్థమే చెడుగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో క్రిమిని చూశారు. కానీ అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతోంది?

అది కనిపెట్టిన రోనాల్డ్ రాస్ గారు 1857 మే 13న హిమాలయాల దగ్గర అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి. ఈయనకి కవిత్వమంటే ఇష్టం, డాక్టరు చదువు తండ్రి బలవంతం మీద చదివారు. ఒక పరీక్ష తప్పారు కూడా. (ఇది చదివాక లెక్కల పరీక్ష గురించి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.) 1881లో మన దేశంలో సైనిక డాక్టరుగా చేరారు. 1894లో లండన్ వెళ్లినప్పుడు మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆయనకి దోమల మీద అనుమానం ఉందని చెప్పారు. 1895లో రాస్ గారు సికింద్రాబాద్ వచ్చి దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు.

దోమని కొయ్యడం అంటే మాటలా! చేత్తో పట్టుకుంటేనే నలిగిపోతుంది. గాలికి ఎగిరిపోతాయని ఎండాకాలంలో కూడా పంకా వేసుకోలేదు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మధ్యలో కలరా పని మీద బెంగళూరు పంపించారు. 1897లో ఊటీ దగ్గరికి వెళితే ఆయనకే మలేరియా వచ్చింది. ఇంత చేసినా దోమల్లో ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన కోసినవి మలేరియాని మోసే జాతివి కావు.

ఆఖరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. అవే అనాఫిలిస్ దోమలు. గోడ మీద వాలితే తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటాయి. 1897 ఆగస్టు 16న పది దోమల్ని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలి కుట్టించారు. దోమకి ఒక అణా చొప్పున డబ్బులిచ్చారు. ఆ దోమల్లో కొన్ని చచ్చిపోయాయి. కొన్నింటిని కోస్తే ఏమీ లేదు. ఆగస్టు 20న ఇంకో దోమని కోస్తే, కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి, అచ్చం మలేరియా క్రిమిలో ఉండేలాంటివే. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో బతికి పెరుగుతోందన్నమాట.

వెంటనే ఆయన్ని రాజస్థాన్ వైపు బదిలీ చేసేశారు. అక్కడ మలేరియా రోగులే తక్కువ. మన సికింద్రాబాద్‌లోనే ఇంకో ఆరు నెలలు ఉంచితే ఏం పోయేది అనిపించింది నాకు. 1898లో కలకత్తాలో పిచ్చుకల మీద పరీక్షలు చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథిలోకి చేరి, కుట్టినప్పుడు ఇంకో పిట్టకి పోతుందని నిరూపించారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు అక్కడ ఆయనతో పనిచేశారు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ వాళ్లు మనుషుల్లో కూడా అనాఫిలిస్ దోమే మలేరియాని మోస్తుందని చూపించారు. ముందు ఎవరు కనిపెట్టారని రాస్ గారికీ గ్రాసీ గారికీ చాలా ఏళ్లు గొడవ జరిగింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ గారికి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయారు. ఆయన పనిచేసిన బంగళా హైదరాబాద్ బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

పైన అంటించిన బొమ్మ రాస్ గారిది, పాత పుస్తకంలోది. దాని పక్కన హుస్సేన్ ఖాన్ గారి బొమ్మ పెడదామని అన్ని పుస్తకాలూ వెతికాను, దొరకలేదు. అందుకే పేరు రాసి గడి ఖాళీగా వదిలాను. ఎవరికైనా దొరికితే తెచ్చి అంటించండి.

ఇంకో మాట. పోయినసారి రక్తపరీక్షకి వచ్చినప్పుడు నేను, ఇంకో ఇద్దరం బట్టలారేసే చోట దాక్కున్నాం. సూదికి భయం, జ్వరముందని తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఇంకా భయం. హుస్సేన్ ఖాన్ గారు పది దోమలకి చెయ్యిచ్చారు. మనల్ని అడిగేది ఒక్క చుక్క. ఈసారి వరసలో ముందు నేను నిలబడతాను. ఆ ఇద్దరూ నా వెనకాల రండి, మీ పేర్లు ఇక్కడ రాయలేదు.