నక్షత్రాల బాటలో నవాబ్ జఫర్ జంగ్

ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయో అబ్బాయో ఖగోళశాస్త్రం చదువుతానంటే మన సైదాబాద్ ఇళ్లలో పెద్దలు కంగారు పడతారు. దానితో బతుకుతెరువు దొరుకుతుందా అన్నది మొదటి భయం. అది జాతకాలు చూసే విద్యేమోనన్నది రెండోది. ఈ భయాలకు సమాధానం చెప్పగల జీవితం ఒకటి మన పొరుగునే గడిచింది.

నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ పైగా వంశానికి చెందినవారు. ఇంగ్లాండులో చదువుకునే రోజుల్లో ఆయనకు ఖగోళశాస్త్రంపై మక్కువ ఏర్పడింది. సంపన్నులకు కాలక్షేపాలు ఎన్నో ఉంటాయి. ఆయన మాత్రం తన సొమ్ముతో 15 అంగుళాల పెద్ద దుర్భిణిని కొన్నారు. 1901లో ఫిసల్‌బండాలోని తమ ఎస్టేటులో వేధశాల స్థాపించి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. తన తదనంతరం దానిని ప్రభుత్వం నడపాలని కోరుకున్నారు. 1907లో ఆయన పరమపదించారు. 1908లో ప్రభుత్వం వేధశాలను స్వాధీనం చేసుకుంది. తర్వాత అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించబడింది.

ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే మహా కార్యంలో ప్రపంచ వేధశాలలు పాలుపంచుకున్నాయి. అందులో హైదరాబాద్ కూడా ఉంది. ఇక్కడివారు 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేశారు. ఆ వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఒకరి కుమారుడు వేణు బప్పు అక్కడి దుర్భిణి దగ్గరే పెరిగారు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లారు. 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకరయ్యారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. జఫర్ జంగ్ నాటిన చెట్టు నీడ మతభేదం లేకుండా అందరికీ దక్కింది.

ఇక జాతకాల సంగతి. దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం (రజి) మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం వచ్చిందని జనం అనుకున్నారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ఆయన (సఅసం) స్పష్టం చేశారు. గ్రహాలు మన తలరాత రాస్తాయనడం వేరు, అవి ఏ నియమాన్ని అనుసరించి తిరుగుతున్నాయో లెక్కగట్టడం వేరు. మొదటిది నిషిద్ధం. రెండోది లేకపోతే నమాజు వేళల పట్టిక, ఖిబ్లా దిశ సరిగా గణించలేం. భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ (3:190-191) బుద్ధిమంతులను ప్రోత్సహిస్తోంది.

మనిషి మరణించాక కూడా పుణ్యం చేకూర్చేవాటిలో శాశ్వత దానం, ప్రయోజనకర విద్య ఉన్నాయని మనకు తెలుసు. నవాబు విడిచివెళ్లింది అలాంటిదేనని మేము ఆశిస్తున్నాం. ప్రతిఫలమిచ్చేవాడు అల్లాహ్.

కనుక తల్లిదండ్రులారా! బిడ్డ ఆకాశం వైపు చూస్తుంటే తల దించమనకండి. ఎంపీసీలో, డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రాలకు గట్టి పునాది వేయించండి. దారి పొడవైనదే, ఓపిక కావాలి. నమాజు తప్పనీయకండి, చదువు ఆపనీయకండి. మన పిల్లల జ్ఞానాన్ని అల్లాహ్ వృద్ధి చేయుగాక! ఆమీన్.