మధ్యలో మనిషి లేకుండా ఫోన్ కలిపినాయన: అల్మన్ స్ట్రోజర్

ఇంట్లో పెద్దవాళ్లకు గుండ్రటి డయల్ ఉన్న నల్ల ఫోన్ గుర్తుండే ఉంటుంది. వేలు పెట్టి తిప్పి వదిలితే టకటకమంటూ వెనక్కి వచ్చేది. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన తాతయ్య ఎవరైనా ఉంటే, స్ట్రోజర్ ఎక్స్ఛేంజ్ గురించి పిల్లల చేత అడిగించండి. గంటసేపు చెబుతారు. ఆ పేరు గల ఆయన మాత్రం ఇంజనీరు కాదు. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత అంత్యక్రియలు చేయించే వ్యాపారంలోకి దిగారు.

అల్మన్ బ్రౌన్ స్ట్రోజర్ 1839లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ దగ్గర పుట్టారు. అక్కడి అంతర్యుద్ధంలో అశ్వికదళంలో పనిచేశారు. యుద్ధం అయ్యాక టీచర్ అయ్యారు. చివరికి కాన్సస్ సిటీలో అంత్యక్రియల దుకాణం నడిపారు.

1880లలో ఫోన్‌కి నంబర్ నొక్కడం అనేదే లేదు. రిసీవర్ ఎత్తితే ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ పలికేది. ఫలానా వారు కావాలి అంటే తన చేత్తో వైరు తీసి కలిపేది. ఎవరికి కలపాలన్నది పూర్తిగా ఆమె చేతిలో ఉండేది. ఊళ్లో ఇంకో అంత్యక్రియల వ్యాపారి ఉన్నాడు. అతని భార్యే ఆపరేటర్ అనీ, స్ట్రోజర్ గారి కోసం వచ్చిన కాల్స్‌ని తన భర్త దుకాణానికి మళ్లించేదనీ కథ. చావు జరిగిన ఇంట్లో అవతల పలికింది ఎవరని ఆరా తీసే ఓపిక ఎవరికి ఉంటుంది? దుకాణం బోర్డు గాలికి ఊగి ఫోన్ తీగకు తగలడం వల్లే కాల్స్ రాలేదని ఇంకో కథ కూడా ఉంది. ఏది నిజమైనా, తనకు రావలసిన కాల్ ఎవరో దారి మళ్లిస్తున్నారన్న అనుమానం మాత్రం ఆయన్ని వదల్లేదు.

మరొకరైతే ఫిర్యాదులతో సరిపెట్టుకునేవారు. ఈయన మధ్యలో ఉన్న మనిషినే తీసేయాలనుకున్నారు. చొక్కా కాలర్లు పెట్టుకునే గుండ్రటి అట్టపెట్టె తీసుకుని, దానికి పది వరుసల్లో, వరుసకు పది చొప్పున గుండుసూదులు గుచ్చారు. ఒక్కో సూది ఒక్కో ఇంటి ఫోన్ అన్నమాట. మధ్యలో పెన్సిల్ నిలబెట్టి, దాన్ని పైకి జరిపి, తర్వాత పక్కకు తిప్పితే వందలో ఏ సూదినైనా అందుకోవచ్చు. మొదటి అంకె ఎన్నో వరుసో చెబుతుంది, రెండో అంకె ఆ వరుసలో ఎన్నో సూదో చెబుతుంది. రెండో తరగతిలో మనం నేర్పే పదులు, ఒకట్ల లెక్క ఇదే! 1889లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు, 1891 మార్చి 10న వచ్చింది. 1892 నవంబర్ 3న ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే ఊళ్లో, సుమారు 75 ఫోన్లతో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. అప్పటికి ఇంకా డయల్ లేదు, అంకెకి తగ్గట్టు మీటలు అన్నిసార్లు నొక్కాలి. డయల్‌ని ఆయన కంపెనీ ఇంజనీర్లు తర్వాత తెచ్చారు.

ఆపరేటర్‌తో పాటు ఇంకొకటి కూడా పోయింది. ఫోన్ చేస్తున్నది ఎవరో చెప్పే మనిషి లేకుండా పోయింది. గంట మోగితే ఎత్తి చూడాల్సిందే. స్క్రీన్ మీద నంబర్ కనిపించడం దశాబ్దాల తర్వాతి మాట. ఇప్పుడు ఇంటర్నెట్ ఫోన్లలో ఆ నంబర్‌ని కూడా సెట్ చేసుకోవచ్చు. ఒక ఆఫీసుకి వచ్చిన కాల్ ఉద్యోగి సెల్‌కి ఫార్వర్డ్ అయ్యేటప్పుడు, ఆ సెల్‌లో ఆఫీసు నంబర్ కనిపించాలా, అసలు ఫోన్ చేసినవారి నంబర్ కనిపించాలా అన్నది ముందే నిర్ణయించి పెడతారు. మంచి సౌకర్యమే. అయితే కనిపించే నంబర్, కాల్ పంపే సిస్టమ్ రాసి పంపిన సమాచారమే కాబట్టి, మోసగాళ్లు బ్యాంకు నంబరో పోలీస్ నంబరో కనిపించేలా కూడా చేయగలుగుతున్నారు. ఓటీపీ అడిగినా, మీ బాబుకి ఏదో అయింది, వెంటనే డబ్బు పంపండి అన్నా, కట్ చేసి, పాస్‌బుక్‌లోనో స్కూల్ డైరీలోనో ఉన్న నంబర్‌కి మనమే చేయాలి. వచ్చే కాల్ మీద పేరు మార్చడం తేలిక. మనం నొక్కిన నంబర్‌ని వేరే దుకాణానికి మళ్లించడం అంత తేలిక కాదు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మన దేశంలో 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఈ స్ట్రోజర్ ఎక్స్ఛేంజ్‌లనే తయారుచేసింది. దశాబ్దాల పాటు మన ఫోన్లు వాటి మీదే నడిచాయి.

స్ట్రోజర్ గారికి అందులో దక్కింది తక్కువే. 1896లో తన పేటెంట్లను 1,800 డాలర్లకు, 1898లో కంపెనీలో తన వాటాను 10,000 డాలర్లకు అమ్ముకుని ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డారు. 1902 మే 26న అక్కడే కన్నుమూశారు. 1916లో బెల్ కంపెనీ అవే పేటెంట్లను 25 లక్షల డాలర్లకు కొన్నది.